కొండ దాటితే మారే మాట



మనం ఎవరి పేరున ఇక్కడ చేరామో ఆ మాస్టారు మాండలికాల పాఠం మొదలుపెట్టేటప్పుడు రాష్ట్రం పటం తెరిచేవారు కాదు. పక్కపక్కనే ఉన్న రెండు ఊళ్లను తీసుకునేవారు. వాటి మధ్య పెళ్లి సంబంధాలు కలుస్తాయా, సంత ఒకటేనా, బస్సు ఎటు పోతుంది అని అడిగేవారు. మాట ఎలా పలుకుతారన్నది ఆ తర్వాతే. ఆ పద్ధతిని ఇవాళ ఆయన ఎన్నడూ పాఠంగా చెప్పని నేల మీద, వేల్స్ మీద, పెట్టి చూస్తాను. తెలుగు మాండలికాల గురించి మాట్లాడతారనుకున్నామని నిర్వాహకులు మర్యాదగా అన్నారు. తెలుగు గురించి కూడా కొంచెం వస్తుంది, కంగారు పడకండి.

వేల్స్ చిన్న దేశం. 2021 జనాభా లెక్కల్లో 31 లక్షల మంది. హైదరాబాద్ జనంలో సగం కూడా కాదు. వారిలో వెల్ష్ భాష వచ్చినవాళ్లు 5 లక్షల 38 వేలు, అంటే మూడేళ్లు నిండినవారిలో 17.8 శాతం. మిగిలినవాళ్ల మాట ఇంగ్లీషే. అందువల్ల వేల్స్ యాస అంటే రెండు సంగతులు: వెల్ష్ భాషలోని మాండలికాలు, వేల్స్ జనం మాట్లాడే ఇంగ్లీషులోని యాసలు. ఈ రెండూ వేరువేరు గదుల్లో ఉండవు. ఒక ఊరిలో వెల్ష్ పోయినా దాని అచ్చులూ హల్లులూ ఊరు విడిచి పోవు, తర్వాత వచ్చిన ఇంగ్లీషులో కాపురం పెడతాయి. ఇంగ్లండు హాస్య కార్యక్రమాల్లో మాత్రం వేల్స్‌కు ఒకటే యాస. అది దాదాపుగా దక్షిణాన ఉన్న బొగ్గు లోయలది. వాయవ్యాన కైర్‌నార్వన్ దుకాణదారు నోట ఆ రాగం వినిపించదు.

ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పక్క ఊరి యాస మారడానికి కారణం దూరం కాదు, రాకపోక. ఎవరు ఎక్కడి నుంచి వచ్చారు, ఎవరి పక్కన నిలబడి పని చేశారు, రైలు వాళ్లను ఎటు దింపింది అన్నదే ముఖ్యం. కొండలూ నదులూ కూడా యాసను చీలుస్తాయని పుస్తకాల్లో చదువుతాం. కొండ ఒక్కటే ఆ పని చేయలేదు, దారులు వేసిన మనుషుల సాయం దానికి కావాలి.

బొగ్గు లోయలతోనే మొదలుపెడదాం. దక్షిణ వేల్స్‌లో రోన్‌ద, కైనన్, టాఫ్, రమ్నీ, ఎబ్బూ నదుల లోయలు చాచిన చేతివేళ్లలా ఉత్తరం నుంచి సముద్రం వైపు దిగుతాయి. రెండు వేళ్ల మధ్య ఎత్తైన బోడి కొండ. పైనుంచి నడిచిపోతే పక్క లోయ ఒకటి రెండు గంటల దూరమే. కానీ బొగ్గుకు కావలసింది పక్క లోయ కాదు, ఓడరేవు. 1841లో కార్డిఫ్ నుంచి మెర్తిర్ టిడ్‌విల్‌కు టాఫ్ వేల్ రైలు వచ్చింది. ఆ తర్వాత వేసిన పట్టాలు కూడా చాలావరకు లోయ వెంట కిందికే దిగాయి. దాంతో రోన్‌ద మనిషి అబర్‌డేర్‌కు రైల్లో పోవాలంటే కిందికి పొంటిప్రీద్‌కు దిగి, అక్కడ బండి మారి, మళ్లీ పైకి ఎక్కాలి. కొండను తొలిచి పశ్చిమాన ఉన్న లోయకు వేసిన రోన్‌ద సొరంగం 1890లో తెరిచారు, 1968లో మూసేశారు. అలాంటి అడ్డదారులు అరుదు. ప్రతి లోయకూ తన గనులు, తన చాపెల్, తన పాటల బృందం, తన రగ్బీ జట్టు ఉండేవి. పొట్ట పోసుకోవడానికి పక్క లోయతో పని లేదు. యాసలు విడివిడిగా ముదరడానికి ఇంతకన్నా అనువైన ఏర్పాటు ఏముంటుంది?

ఆ గనుల్లోకి దిగిన జనం ఎక్కడివాళ్లు? 1851లో రోన్‌ద లోయల జనం వెయ్యి లోపే. 1911 నాటికి లక్షా యాభై వేలు దాటారు. తొలి విడతలో వచ్చినవాళ్లు ఎక్కువగా కార్మార్థన్, కార్డిగన్, పెంబ్రోక్ జిల్లాల పల్లెల నుంచి వచ్చిన వెల్ష్ భాషీయులు. తర్వాతి విడతలు సోమర్సెట్, గ్లస్టర్‌షైర్, డెవన్ వంటి ఇంగ్లీషు జిల్లాల నుంచి. తూర్పు లోయలకు ఇంగ్లండు దగ్గర కాబట్టి అవి ముందుగా ఇంగ్లీషులోకి మారాయి. పశ్చిమాన ఆమన్, గ్వెన్‌డ్రైత్ లోయల్లో దొరికేది ఆంత్రసైట్, గట్టి బొగ్గు. అక్కడి గనులు చిన్నవి, కూలీలు చుట్టుపక్కల పల్లెల నుంచే వచ్చేవారు. కాబట్టి అక్కడ వెల్ష్ నిలిచింది. భూమిలో ఏ రకం బొగ్గు ఉందో దాన్నిబట్టి పైన మాట్లాడే భాష మారిందనడం కొంచెం అతిశయమే. కానీ పూర్తిగా అబద్ధం కాదు.

ఆగ్నేయ వేల్స్‌లో, అంటే గ్లమోర్గన్, గ్వెంట్ ప్రాంతాల్లో, ఒకప్పుడు మాట్లాడిన వెల్ష్ మాండలికాన్ని గ్వెన్‌హుయ్‌సెగ్ అంటారు. తెలుగు వ్యాకరణం చదివినవాళ్లు దాని ముందు కాసేపు ఆగాలి. మన సరళాదేశ సంధిలో ద్రుతం మీద పరుషాలు సరళాలవుతాయి: పూచెను, కలువలు కలిస్తే పూచెను గలువలు. వెల్ష్‌లో కూడా కొన్ని మాటల తర్వాత పదాది హల్లు అలాగే మెత్తబడుతుంది. పొంటిప్రీద్ ఊరి పేరు, ఆ ఊరికి అన్నప్పుడు ‘ఇ బొంటిప్రీద్’. కార్డిఫ్‌ను వెల్ష్‌లో ‘కైర్‌డీద్’ అంటారు, కార్డిఫ్‌కు అంటే ‘ఇ గైర్‌డీద్’. పరుషం పోయి సరళం వచ్చింది. దేశమంతటికీ ఇదే నియమం. కానీ గ్వెన్‌హుయ్‌సెగ్ మాట్లాడేవాళ్లు పదం మధ్యలో దీనికి సరిగ్గా ఎదురు నడిచారు. ఊనిక ఉన్న అక్షరం తర్వాత వచ్చే సరళాన్ని పరుషం చేశారు. వంటగదికి వెల్ష్ మాట ‘కెగిన్’, వీళ్ల నోట ‘కెకిన్’. పరుగెత్తడం ‘రెడెగ్’, వీళ్లకు ‘రెటగ్’. పడమట కార్మార్థన్ వైపు పోతే ఆ గట్టిదనం తగ్గిపోతుంది. పడమటి పల్లెల నుంచి గనికి వచ్చిన కుర్రవాడు మొదటి రోజే దీన్ని పట్టుకునేవాడు. అతని మెత్తని ‘గ’ను మిగతావాళ్లూ పట్టుకునేవారు.

రెండో గుర్తు ఒక అచ్చు. కోస్తా తెలుగులో ‘వచ్చాడు’ అన్నప్పుడు ‘చా’లో వినిపించే ఆకారం ‘చాప’లో ఉన్నది కాదు. ఆకారానికీ ఏకారానికీ మధ్య నోరు వెడల్పు చేసి పలికేది. మనకు దానికి వేరే అక్షరం లేదు, అయినా చెవికి తెలుసు. గ్వెన్‌హుయ్‌సెగ్‌లో దీర్ఘ ఆకారం అంతా ఇదే. నిప్పుకు వెల్ష్ మాట ‘తాన్’. కార్మార్థన్‌లో అది మామూలు ఆకారం, గ్లమోర్గన్‌లో ‘వచ్చాడు’ ఆకారం. మధ్య వేల్స్‌లో పోయిస్ ప్రాంతంలో కూడా ఈ అచ్చు ఉంది.

ఇప్పుడు కార్డిఫ్‌కు రండి. ఆ నగరం ఇంగ్లీషుకు పేరు తెచ్చిందీ, ఎగతాళి తెచ్చిందీ సరిగ్గా ఈ అచ్చే. ఊరి పేరునే ‘క్యాడిఫ్’ అన్నట్టు పలుకుతారని లోయలవాళ్లు నవ్వుతారు. ‘పార్క్’, ‘డార్క్’ లాంటి మాటల్లో కూడా అంతే. 1801లో రెండు వేలు కూడా లేని ఊరు, 1901 నాటికి లక్షా అరవై వేలు దాటింది. రేవులోకి ఐర్లండు నుంచి, ఇంగ్లండు నైరుతి జిల్లాల నుంచి, సోమాలీలాండ్, యెమెన్ వరకూ ఉన్న రేవుల నుంచి జనం దిగారు. మరి ఈ అచ్చు పాత గ్వెన్‌హుయ్‌సెగ్ నుంచి మిగిలిందా, లేక వలస ఇంగ్లీషులో పుట్టిందా అన్న విషయంలో పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు. నాకు మాత్రం ఒక సంగతి తమాషాగా ఉంటుంది. కార్డిఫ్ అచ్చును వెక్కిరించే రోన్‌ద మనిషి తన ఇంగ్లీషులో నిండైన ఆకారం పలుకుతాడు. అతని ముత్తవ్వ వెల్ష్‌లో పొయ్యి దగ్గర నిప్పు అడిగినప్పుడు పలికింది మాత్రం ఆ వెక్కిరింత అచ్చే అయి ఉంటుంది.

కార్డిఫ్‌లోనే నికొలస్ కూప్లండ్ చేసిన పరిశీలన ఒకటి 1984లో అచ్చయింది. ఒక ప్రయాణాల ఏజెన్సీలో పనిచేసే ఉద్యోగిని రోజంతా రకరకాల ఖాతాదారులతో మాట్లాడుతుంది. ఎదుట కూర్చున్న మనిషి యాస ఎంత ముతకగా ఉంటే ఆమె ఉచ్చారణ అంత ముతకవైపు జరిగింది, నాజూకు మనిషి వస్తే నాజూకు వైపు. ఒకే నోరు, ఒకే బల్ల. యాస అంటే ఊరికి వేసిన ముద్ర అనుకునేవాళ్లకు ఈ ఫలితం ఇబ్బందిగా ఉంటుంది. రాకపోకలు ఊళ్ల మధ్యే కాదు, ఒక గంటలో ఒక బల్ల మీదుగా కూడా జరుగుతాయి.

లోయల ఇంగ్లీషును అందరూ ‘పాట’ అంటారు. ఆ పాటకు కారణం వెల్ష్ చరిత్రలో ఉంది. వెల్ష్‌లో ఊనిక చివరి అక్షరానికి ముందున్న దాని మీద పడుతుంది. వెయ్యేళ్ల కిందట అది చివరి అక్షరం మీదే ఉండేది. తర్వాత ఊనిక ఒక అడుగు వెనక్కి జరిగింది, స్వరం ఎత్తు మాత్రం చివరే ఉండిపోయింది. ఒక అక్షరాన్ని నొక్కి, దాని తర్వాతి అక్షరాన్ని ఎత్తుతారు. ఇంగ్లీషు చెవికి ఈ రెండూ ఒకేచోట ఉండాలి. లేనప్పుడు అది మాట్లాడటంలా కాక పాడటంలా వినిపిస్తుంది. లోయలవాళ్లు ఇంగ్లీషులోకి మారినప్పుడు ఈ అలవాటును వెంట తెచ్చుకున్నారు. రెండు అచ్చుల మధ్య హల్లును సాగదీయడం కూడా అలాంటిదే. డబ్బుకు ఇంగ్లీషు మాటను మన తాతలు ‘మన్నీ’ అన్నట్టే వాళ్లూ అంటారు. బ్రిటన్‌లో మన యాస అనుకరించబోయినవాళ్లు వేల్స్‌లో తేలతారని ఒక పాత హాస్యం ఉంది. చుట్టరికమేమీ లేదు. ద్విత్వం, పలుచబడని అచ్చులు, స్వరం కదలిక రెండుచోట్లా ఉన్నాయి, అంతే. ఈ పోలిక చూపి వెల్ష్‌కూ ద్రావిడానికీ బంధుత్వం కట్టే మిత్రులు ఈ సభలో ఉంటే టీ విరామంలో మాట్లాడుకుందాం.

ఇంకొకటి కూడా చెప్పాలి. ముక్కుకు ఇంగ్లీషు మాట, ‘అతనికి తెలుసు’ అనే ఇంగ్లీషు క్రియ లండన్ నోట ఒకేలా ఉంటాయి. దక్షిణ వేల్స్‌లో చాలామంది వాటిని ఇప్పటికీ వేరుచేస్తారు. మొదటిదానిలో శుద్ధమైన ఓకారం, రెండోదానిలో ‘ఔ’కు దగ్గరైన ధ్వని. లండన్‌లో ఎప్పుడో కలిసిపోయిన తేడా ఇక్కడ బతికి ఉంది. దీన్ని ‘పల్లెటూరి ఇంగ్లీషు’ అని తీసిపారేసే బడిపంతుళ్లు స్పెల్లింగు ఏం చెబుతోందో ఒకసారి చూసుకోవాలి.

ఇక పడమర. నాకు అన్నిటికన్నా ఇష్టమైన మేర ఇదే కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఉంటాను. చెట్లకు, అడవికి వెల్ష్ మాట ‘కోయ్‌డ్’. కార్మార్థన్ జిల్లాలో అది ‘కోడ్’ అయింది, రెండు అచ్చులు ఒక దీర్ఘంగా కలిసిపోయాయి. పక్కనే ఉన్న పెంబ్రోక్‌షైర్ ఉత్తర భాగంలో, ప్రెసెలీ కొండల కింద, అదే మాట ‘క్వేడ్’. ‘ఉంది’ అనే జవాబు ‘ఓయ్స్’ వీళ్ల నోట ‘వేస్’. ఈ మాండలికానికి జనం పెట్టిన ముద్దుపేరే ‘వేస్ వేస్’. రెండు జిల్లాలూ వ్యవసాయానివే, రెండూ వెల్ష్ మాట్లాడేవే, మధ్యలో చెప్పుకోదగ్గ కొండ లేదు.

ఆ ప్రెసెలీ నుంచి దక్షిణంగా దిగితే ఇంకా పెద్ద గీత వస్తుంది. పడమట న్యూగేల్ దగ్గర సముద్రం నుంచి తూర్పున ఆమ్రోత్ దగ్గర సముద్రం దాకా పెంబ్రోక్‌షైర్‌ను అడ్డంగా కోసే ఈ గీతను ఇప్పుడు లాండ్‌స్కర్ అంటారు. పైన వెల్ష్, కింద ఇంగ్లీషు. 12వ శతాబ్దం మొదట్లో ఇంగ్లండు రాజు మొదటి హెన్రీ ఫ్లాండర్స్ నుంచి వచ్చిన జనాన్ని ఇక్కడ స్థిరపరిచాడు. నార్మన్ దొరలతో ఇంగ్లీషువాళ్లూ వచ్చారు. రోచ్, విస్టన్, నార్బర్త్ వంటి కోటలు ఈ గీత వెంటే లేచాయి. ఫ్లెమిష్ భాష కాలక్రమంలో మాసిపోయింది, ఇంగ్లీషు నిలిచింది. ఈ దక్షిణ ఖండానికి ‘వేల్స్ అవతల చిన్న ఇంగ్లండు’ అన్న పేరు పదహారో శతాబ్దానికే పడింది.

1603లో జార్జ్ ఓవెన్ అనే స్థానిక భూస్వామి తన జిల్లా మీద ఒక పుస్తకం రాశాడు. ఆయన స్వయంగా ఉత్తరాన వెల్ష్ వైపు మనిషి. కొన్ని గ్రామాల్లో కేవలం ఒక కాలిబాట వెల్ష్‌నూ ఇంగ్లీషునూ విడదీస్తోందని, బాటకు ఇటువైపు వాళ్లకూ అటువైపు వాళ్లకూ మాటే కాక సేద్యం చేసే తీరు, భూమి కొలిచే పద్ధతి కూడా వేరని ఆయన నమోదు చేశాడు. ఆ వాక్యాలు చదివినప్పుడల్లా మన మాస్టారి ప్రశ్నలే నాకు గుర్తొస్తాయి. కాలిబాటను ఎవరైనా దాటొచ్చు. దాటి పెళ్లి చేసుకోలేదు, దాటి పొలం కౌలుకు తీసుకోలేదు. నాలుగు వందల ఏళ్ల తర్వాత కూడా ఆ గీత ఆనవాలు జనాభా లెక్కల్లో కనిపిస్తుంది.

గీతకు దక్షిణాన పాతకాలపు ముసలివాళ్ల ఇంగ్లీషు వేల్స్ ఇంగ్లీషులా ఉండేది కాదు. పదాదిన ‘ఫ’ బదులు ‘వ’లాంటి ధ్వని, ‘స’ బదులు నాదం కలిసిన ‘జ’లాంటి ధ్వని, రేఫను ఎక్కడా మింగకుండా పలకడం వంటివి సముద్రానికి అవతల ఉన్న డెవన్, సోమర్సెట్ లక్షణాలు. తూర్పుగా స్వాన్సీ పక్కన గౌవర్ అనే ద్వీపకల్పం ఉంది. అక్కడి దక్షిణ, పశ్చిమ భాగాల్లోనూ ఇదే కథ. ఈశాన్య భాగం వెల్ష్ మాట్లాడేది. మధ్యయుగాల పరిపాలకులు దాన్ని ఇంగ్లీషు గౌవర్, వెల్ష్ గౌవర్ అని లెక్కల్లోనే రెండు ముక్కలు చేశారు. నేల మీద చూస్తే గౌవర్‌కు పొరుగు స్వాన్సీ. నీటి మీద చూస్తే డెవన్. చాలాకాలం పాత గౌవర్ మనిషి నోట్లో నీటిదారే గెలిచింది.

వెల్ష్ పటంలో ఇంకో విచిత్రం చూడండి. వస్తువులకు మాట ‘పెథై’ అని రాస్తారు, వాడుకలో ఎవరూ అలా పలకరు. వాయవ్యాన గ్వినెద్‌లో ‘పెథ’. ఆగ్నేయాన గ్లమోర్గన్‌లోనూ ‘పెథ’. మధ్యలో ఈశాన్యం నుంచి నైరుతి దాకా ఉన్న విశాలమైన పట్టీలో ‘పెథె’. దేశంలో ఒకరికొకరు అతి దూరంగా ఉన్న రెండు మూలలు ఒక్కలా పలుకుతాయి, వాటిని ఆనుకున్న పొరుగువాళ్లు వేరేగా పలుకుతారు. పొరుగుతనమే అన్నిటినీ నిర్ణయిస్తుందనుకునేవాళ్లకు ఈ పటం నోరు కట్టేస్తుంది. నా వాదానికి కూడా ఇది కొంచెం గుచ్చుకుంటుందని ఒప్పుకోవాలి. రెండు మూలల మధ్య రాకపోకలతో దీన్ని వివరించలేం. మూలలు ఒకే మార్పును విడివిడిగా చేసి ఉండాలి, లేదా మధ్యవాళ్లు తర్వాత మారి ఉండాలి.

ఉత్తరాన్ని త్వరగా చుట్టేస్తాను. ఉత్తరాది వెల్ష్‌లో ‘యు’ అక్షరానికి దక్షిణాదికి లేని అచ్చు ఉంది. పెదవులు గుండ్రం చేయకుండా ‘ఉ’ అనబోతే వచ్చేది, తమిళంలో పదాంతాన వినే కురుచ ఉకారానికి దగ్గర. దక్షిణాన అది ‘ఇ’లో కలిసిపోయింది. ఉత్తరాది ఇంగ్లీషులో ‘ల’ అంతటా గొంతులో లోతుగా పలుకుతుంది, దక్షిణాన అంతటా తేలికగా. వాయవ్యపు వెల్ష్ భాషీయుల ఇంగ్లీషులో నాదం ఉన్న ‘జ’ ధ్వని తరచు ‘స’ అవుతుంది, ఎందుకంటే పాత వెల్ష్‌లో ఆ ధ్వనే లేదు. దక్షిణాదివాళ్లు ఉత్తరాదివాళ్లను ‘గోగ్’ అంటారు, వాళ్లు వీళ్లను ‘హుంటూ’ అంటారు. రెండిట్లోనూ సగం ముద్దు, సగం పోటు.

ఈశాన్యంలో పొరుగు తేడాలు మరీ పదునైనవి. రెక్సమ్ పట్టణం పక్కనే రోస్‌లనెర్ఖ్‌రుగోగ్ అనే పెద్ద గని ఊరు ఉంది, అందరూ రోస్ అనే అంటారు. పట్టణం ఇంగ్లీషులోకి పోయినా రోస్‌లో వెల్ష్ చాలాకాలం గట్టిగా నిలిచింది. ఆ ఊరి మాటలు అక్కడివే. ఊరి పత్రిక పేరే ‘నెనె’, వాళ్ల యాసలో ‘అది’ అని. కుండలూ ఇటుకలూ చేసిన బక్లీ మరో ఊరు. దాని పొరుగున మోల్డ్ పట్టణంలో డానియల్ ఓవెన్ వెల్ష్‌లో నవలలు రాస్తున్న కాలంలో బక్లీ జనం తమదే అయిన ఒక ముతక ఇంగ్లీషు మాట్లాడేవారు. ఇంకా తూర్పున డీ నది వెంట ఫ్లింట్, షాటన్ వైపు పోతే లివర్‌పూల్ రాగం వినిపిస్తుంది. ఉత్తర వేల్స్ జనం పనికి, ఆసుపత్రికి, దుకాణాలకు పోయిన పెద్ద నగరం కార్డిఫ్ కాదు, లివర్‌పూల్. 1900లోనూ 1929లోనూ వెల్ష్ జాతీయ సాహిత్యోత్సవం ఐస్‌తెద్‌వొద్ జరిగింది కూడా ఇంగ్లండులోని ఆ నగరంలోనే.

ఇన్ని యాసల్లో ‘సరైన’ది ఏది? ఈ ప్రశ్న దగ్గర వెల్ష్ దారి ఇంగ్లీషు దారి నుంచి విడిపోతుంది. 1588లో విలియం మోర్గన్ బైబిలు అనువాదం రాతకు ఒక ప్రమాణం ఇచ్చింది. అది కవుల భాష, ఏ ఊరి మాటా కాదు. మాట్లాడే వెల్ష్‌కు లండన్ లాంటి రాజధాని ఏదీ లేకపోయింది. కాబట్టి కార్డిగన్ మనిషి బాంగోర్ మనిషి ముందు సిగ్గుపడాల్సిన అవసరం రాలేదు. 1964లో, నేర్చుకునేవాళ్ల కోసమని, ‘కమ్రైగ్ బియు’ పేరుతో ఒక ఉమ్మడి వాడుక భాషను తయారుచేసే ప్రయత్నం జరిగింది. అది ఎవరి ఇంట్లోనూ లేని భాష అన్న విమర్శ దానికి తప్పలేదు. ఇవాళ వయోజనుల పాఠ్యపుస్తకాలు ఉత్తరాదికి ఒకటి, దక్షిణాదికి ఒకటి విడివిడిగా వస్తున్నాయి. ఇది నాకు తెలివైన పనిగానే కనిపిస్తుంది.

ఇదే దేశం నుంచి వచ్చిన ఒక మనిషి మన దేశంలో చేసిన పని దీని పక్కన పెట్టి చూడాలి. మధ్య వేల్స్‌లోని మాంట్‌గోమరీ జిల్లాకు చెందిన థామస్ జోన్స్ 1841లో చిరపుంజి చేరాడు. అంతకుముందు బెంగాలీ లిపిలో రాసే ప్రయత్నం జరిగిన ఖాసీ భాషకు ఆయన రోమన్ లిపి కట్టాడు. అక్షరాల విలువలు చాలావరకు వెల్ష్ రాతవే. అందుకే ఖాసీ రాతను మొదటిసారి చూసిన ఇంగ్లీషువాళ్లు తడబడతారు, వెల్ష్‌వాళ్లు తడబడరు. లోయ లోయకూ మాట మారే కొండల్లో ఆయన కాపురమున్న సోహ్రా, అంటే చిరపుంజి, మాటే ప్రామాణిక ఖాసీ అయింది. వార్, ప్నార్ వంటి పొరుగు రూపాలు పక్కకు పోయాయి. ఒక ఊరి మాటను గద్దె ఎక్కించే ఉద్దేశం ఆయనకు ఉందని నేను అనను. ఆయన బస అక్కడ దొరికింది.

యాసలను నమోదు చేసినవారి గురించి ఒక మాట. హెన్రీ స్వీట్ 1884లో ఉత్తర వేల్స్ వాడుక మీద రాశాడు. 1948లో సెయింట్ ఫాగన్స్‌లో తెరిచిన జానపద ప్రదర్శనశాల పల్లె పల్లెకూ టేపు రికార్డరు మోసుకెళ్లింది. ఆలన్ థామస్ వెల్ష్ మాటల పటాలు 1973లో వెలువడ్డాయి. వేల్స్ ఇంగ్లీషు మీద డేవిడ్ ప్యారీ స్వాన్సీ విశ్వవిద్యాలయం నుంచి 1968లో సర్వే మొదలుపెట్టాడు. దాదాపు ఆ కాలంలోనే, 1962లో, భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం, వ్యవసాయం మీద, మనకు వచ్చింది. రెండుచోట్లా మొదట వెతికింది పొలం పనుల్లో ముదిరిన పెద్దవాళ్లనే. వాళ్ల దగ్గర మాటలు దొరుకుతాయి, నిజమే. కానీ కార్ఖానాకో గనికో పోయి నాలుగు ఊళ్ల జనంతో కలిసినవాడి నోట్లో ఏం జరిగిందో ఆ పద్ధతిలో దొరకదు. కైన్‌వెన్ థామస్ తన సొంత ఊరు నాంట్‌గారు వెల్ష్ మీద జీవితకాలం పనిచేసి 1993లో పుస్తకం తెచ్చేనాటికి గ్వెన్‌హుయ్‌సెగ్ పలికే నోళ్లు చాలా అరుదైపోయాయి.

లోయలవాళ్లు నోరు విప్పిన మరుక్షణం ఏ లోయవాడో చెప్పేస్తామంటారు. 1990లలో పీటర్ గారెట్, కూప్లండ్, విలియమ్స్ ఆరు ప్రాంతాల యువకుల ఇంగ్లీషును రికార్డు చేసి ఉపాధ్యాయులకూ తోటి పిల్లలకూ వినిపించారు. గుర్తుపట్టడం గొప్పలు చెప్పుకున్నంత సులువుగా సాగలేదు. మనం పక్క ఊరివాణ్ని యాసతోనే పట్టేశామనుకుంటాం. అతని ఊరు ముందే తెలిసినప్పుడు ఆ పట్టడం మరీ సులువు.

చివరగా బడి. గ్వెంట్, గ్లమోర్గన్ ప్రాంతాల్లో ఇప్పుడు వెల్ష్ మాధ్యమం బడులకు పోయే పిల్లల్లో చాలామంది ఇళ్లల్లో వెల్ష్ లేదు. 2050 నాటికి పది లక్షల మంది వెల్ష్ భాషీయులు ఉండాలని ప్రభుత్వం 2017లో లక్ష్యం పెట్టుకుంది. ఆ లెక్క నిండాలంటే ఇలాంటి పిల్లలు కావాలి. వాళ్లకు పాఠం చెప్పే టీచరు కార్మార్థన్ నుంచో గ్వినెద్ నుంచో వచ్చి ఉండొచ్చు. అచ్చులు మాత్రం వీధిలోని ఇంగ్లీషు నుంచి వస్తాయి. ఈ పిల్లల వెల్ష్ ఏ ఊరిదీ కాదని పడమటి పెద్దలు విసుక్కుంటారు. నేను ఆ విసుగులో పాలుపంచుకోలేను. 1801లో మెర్తిర్ వేల్స్‌లోకెల్లా పెద్ద పట్టణం, ఏడు వేల ఏడు వందల మంది. అక్కడి ఇనుప కొలుముల దగ్గర కార్డిగన్ మాట, కార్మార్థన్ మాట, గ్లమోర్గన్ మాట ఒకే షిఫ్టులో పక్కపక్కన నిలబడ్డాయి. వాళ్ల పిల్లల మాట కూడా అప్పటికి ఏ ఊరిదీ కాదు. ఆ పిల్లల్ని రికార్డు చేసినవాళ్లు లేరు. ఈ పిల్లల్ని చేస్తున్నారు.